కన్సల్టింగ్ మొదలుపెడుతున్నారా? ప్రొప్రైటర్‌షిప్పా, ఎల్ఎల్‌పీయా, ప్రైవేట్ లిమిటెడ్డా?

ఉద్యోగం మానేసి సొంతంగా కన్సల్టింగ్ మొదలుపెట్టేవాళ్లు చాలామంది మొదట లోగో చేయించుకుంటారు, ఆ వెంటనే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ రిజిస్టర్ చేయించేస్తారు. లోగోతో నష్టమేమీ లేదు. కంపెనీ అలా కాదు, క్లయింట్ ఒక్కరు కూడా దొరక్కపోయినా ఏడాది తిరిగేసరికి ఆడిట్ చేయించాలి, రిటర్నులు వేయాలి, వేయకపోతే ఫారానికి రోజుకు వంద రూపాయల చొప్పున లేటు ఫీజు కట్టాలి. విజిటింగ్ కార్డు మీద డైరెక్టర్ అని వేసుకోవడం కోసం అంత తలనొప్పి అక్కర్లేదు. ఒక్కరే తమ పేరు మీద నడిపే ప్రొప్రైటర్‌షిప్ ఉంది, భాగస్వాముల బాధ్యత పరిమితంగా ఉండే సంస్థ ఎల్ఎల్‌పీ ఉంది.

ఇది ఇంజినీరింగ్, ఐటీ, మార్కెటింగ్, హెచ్ఆర్, మేనేజ్‌మెంట్ లాంటి సలహా పనులు చేసేవాళ్ల కోసం రాస్తున్నది. లాయర్లు, చార్టర్డ్ అకౌంటెంట్లు ఏ రూపంలో ప్రాక్టీస్ చేయాలో వాళ్ల వాళ్ల కౌన్సిళ్ల నియమాలే చెబుతాయి కాబట్టి వాళ్ల సంగతి ఇక్కడ ఎత్తడం లేదు. పన్ను లెక్కలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరం రేట్లతో, కొత్త పన్ను విధానంలో వేసినవి. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం 2025 అమల్లోకి వచ్చి సెక్షన్ల నంబర్లు మారిపోయాయి, కానీ ఏ ఆడిటర్ గారిని అడిగినా అర్థమయ్యే పాత నంబర్లే వాడుతున్నాను.

## ముందు ఈ నాలుగు తేల్చుకోండి

మొదటిది, డబ్బులో వాటా ఎవరికి? జీతానికి పనిచేసేవాళ్లు ఎంతమంది ఉన్నా లెక్కలోకి రారు, లాభంలో వాటా అడిగే మనిషి ఉన్నారా లేదా అన్నదే అసలు ప్రశ్న.

రెండోది, సంపాదించింది మొత్తం ఇంటికి తెచ్చుకుంటారా, వ్యాపారంలోనే కొంత ఉంచుతారా? కన్సల్టింగ్‌లో సరుకు ఉండదు, మెషిన్లు ఉండవు, కాబట్టి ఎక్కువమంది మొత్తం ఇంటికే తెచ్చుకుంటారు. కంపెనీ పన్ను రేటు తక్కువ అన్న మాట అలాంటివాళ్లకు పెద్దగా పనికిరాదు.

మూడోది, మీకు డబ్బు ఇచ్చేది ఎవరు? చిన్న ఫ్యాక్టరీలు, స్కూళ్లు, విదేశీ స్టార్టప్‌లు మీ పేరు మీద బిల్లు ఇస్తే చాలంటాయి. పెద్ద కార్పొరేట్ల వెండర్ రిజిస్ట్రేషన్ దగ్గర మాత్రం కంపెనీయో ఎల్ఎల్‌పీయో కాకపోతే తీసుకోం అనేవాళ్లు తగులుతారు.

నాలుగోది, సలహా తప్పితే నష్టం ఎంత పెద్దది? ఒక కాలేజీకి వెబ్‌సైట్ గురించి సలహా చెప్పడం వేరు, పది అంతస్తుల భవనానికి స్ట్రక్చరల్ డిజైన్ సరిచూసి సంతకం పెట్టడం వేరు.

## ఒక్క చూపులో

కింది పట్టికలో ఓపీసీ అంటే ఒక్కరే యజమానిగా ఉండే కంపెనీ (వన్ పర్సన్ కంపెనీ). 44ఏడీఏ అంటే కొన్ని వృత్తులవాళ్లు వసూళ్లలో సగాన్ని ఆదాయంగా చూపే వీలిచ్చే ఆదాయపు పన్ను సెక్షన్. ఫారం 24, ఎస్‌టీకే-2 సంస్థను మూసేయడానికి వేసే ఫారాలు.

| | ప్రొప్రైటర్‌షిప్ | భాగస్వామ్య సంస్థ | ఎల్ఎల్‌పీ | ఓపీసీ | ప్రైవేట్ లిమిటెడ్ |
|---|---|---|---|---|---|
| కనీసం ఎంతమంది | ఒకరు | ఇద్దరు | ఇద్దరు | ఒకరు, ఒక నామినీ | ఇద్దరు |
| అప్పు ఇంటిదాకా వస్తుందా | వస్తుంది | వస్తుంది, భాగస్వామి చేసినది కూడా | మామూలుగా రాదు | మామూలుగా రాదు | మామూలుగా రాదు |
| పన్ను | మీ స్లాబ్ ప్రకారం | 31.2 శాతం | 31.2 శాతం | 25.17 శాతం | 25.17 శాతం |
| 44ఏడీఏ | ఉంది | ఉంది | లేదు | లేదు | లేదు |
| కంపెనీ/ఎల్ఎల్‌పీ చట్టం కింద ఆడిట్ | లేదు | లేదు | టర్నోవర్ 40 లక్షలు లేదా పెట్టుబడి 25 లక్షలు దాటితే | తప్పనిసరి | తప్పనిసరి |
| మూసేయడం | తేలిక | ఒప్పందాన్ని బట్టి | ఫారం 24 | ఎస్‌టీకే-2 | ఎస్‌టీకే-2, ఫీజే 10,000 |

31.2 అంటే 30 శాతానికి 4 శాతం సెస్ కలిపితే వచ్చేది, ఆదాయం కోటి దాటితే సర్‌చార్జ్ కూడా ఉంటుంది. 25.17 అంటే కంపెనీ రాయితీలు వదులుకుని 22 శాతం రేటు ఎంచుకున్నప్పుడు సర్‌చార్జ్, సెస్‌లతో కలిపి పడేది.

## ఒంటరిగా చేసేవాళ్లకు ప్రొప్రైటర్‌షిప్

దీనికి విడిగా రిజిస్ట్రేషన్ అంటూ ఏదీ లేదు. మీ పాన్ కార్డే వ్యాపారం పాన్ కార్డు. దీని అసలు బలం 44ఏడీఏ సెక్షన్. ఇంజినీరింగ్, ఆర్కిటెక్చర్, టెక్నికల్ కన్సల్టెన్సీ, ఐటీ లాంటి కొన్ని వృత్తుల్లో ఉన్న నివాసితులు ఏడాది వసూళ్లలో సగాన్ని ఆదాయంగా చూపి (నిజంగా అంతకంటే ఎక్కువ మిగిలిందని మీరే చూపిస్తే ఆ ఎక్కువ మొత్తం) పన్ను కట్టేస్తే చాలు, ఖర్చుల పుస్తకాలు రాయక్కర్లేదు. పరిమితి 50 లక్షలు, నగదు వసూళ్లు 5 శాతం మించకపోతే 75 లక్షలు. అడ్వాన్స్ టాక్స్ కూడా నాలుగు వాయిదాల్లో కాదు, మార్చి 15 లోపు ఒక్కసారే.

లెక్క చూడండి. ఏడాదికి 40 లక్షలు వసూలు చేసే ఐటీ కన్సల్టెంట్‌కు, ఖర్చులు 10 లక్షలు అనుకుందాం. 44ఏడీఏ కింద ఆదాయం 20 లక్షలు, దాని మీద సెస్‌తో కలిపి పన్ను 2,08,000. ఇదే మనిషి ఓపీసీ పెట్టి మిగిలిన 30 లక్షలూ జీతంగా తీసుకుంటే పన్ను 4,75,800. అలా కాకుండా జీతం 12.75 లక్షలు తీసుకుని (జీతానికి ఉన్న స్టాండర్డ్ డిడక్షన్ వల్ల ఇంతవరకు పన్ను పడదు) మిగతా 17.25 లక్షలు కంపెనీలోనే ఉంచినా కంపెనీ కట్టేది సుమారు 4.34 లక్షలు, పైగా ఆ డబ్బు బయటికి తీస్తే డివిడెండ్ మీద మళ్లీ పన్ను. రెండు విధాలా ప్రొప్రైటర్‌షిప్‌లో పడే పన్నుకు రెట్టింపు పైనే, ఆడిటర్ ఫీజు దానికి అదనం.

ఒక్క జాగ్రత్త. మేనేజ్‌మెంట్, మార్కెటింగ్, హెచ్ఆర్ సలహాలు ఆ వృత్తుల జాబితాలో పేరు పెట్టి లేవు. ఇంజినీరింగ్ చదివినవాళ్లు బిజినెస్ సలహాలు ఇచ్చినంత మాత్రాన అది టెక్నికల్ కన్సల్టెన్సీ అయిపోదు, బిల్లు మీద ఏం రాస్తున్నారో ఆడిటర్‌కు ముందే చూపించండి.

ఇక బాధ్యత సంగతి. ప్రొప్రైటర్‌షిప్‌లో మీ ఆస్తి, వ్యాపారం ఆస్తి వేరు కాదు, కేసు ఓడిపోతే ఇల్లు కూడా లెక్కలోకి వస్తుంది. ఈ భయం చూపించి కంపెనీలు రిజిస్టర్ చేయిస్తుంటారు. అయితే కన్సల్టెంట్‌కు వచ్చే పెద్ద ప్రమాదం బ్యాంకు అప్పు కాదు, తప్పు సలహా. ఆ తప్పు మీ చేతులతో జరిగితే ఎల్ఎల్‌పీ కూడా మిమ్మల్ని పూర్తిగా కాపాడదు, సొంత తప్పుకు భాగస్వామిదే వ్యక్తిగత బాధ్యత అని ఎల్ఎల్‌పీ చట్టం 28వ సెక్షన్‌లోనే ఉంది. నన్నడిగితే ఒంటరి కన్సల్టెంట్ కంపెనీ మీద పెట్టే డబ్బు ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ బీమా (తప్పు సలహా వల్ల పడే నష్టపరిహారానికి చేసే బీమా) మీద పెట్టాలి, కాంట్రాక్టులో నా బాధ్యత నేను తీసుకున్న ఫీజు వరకే అన్న ఒక్క క్లాజు పెట్టించుకోవాలి. ఆ క్లాజు అడగడానికి మొహమాటపడేవాళ్లే, అదేం విచిత్రమో, కంపెనీ పెట్టడానికి వేలకు వేలు ఇస్తారు.

## ఇద్దరు కలిసినప్పుడు

ఇద్దరు స్నేహితులు, ఇద్దరూ ఐటీవాళ్లు, కలిసి ఏడాదికి 40 లక్షలు బిల్లు చేస్తున్నారు, ఖర్చులు 10 లక్షలు. దారులు మూడు.

ఎల్ఎల్‌పీ. మిగిలిన 30 లక్షల్లో భాగస్వాముల జీతంగా చట్టం ఒప్పుకునేది మొదటి 6 లక్షల మీద 90 శాతం, మిగతా 24 లక్షల మీద 60 శాతం, అంటే 19.8 లక్షలు. తలా 9.9 లక్షలు వస్తాయి, వేరే ఆదాయం లేకపోతే 12 లక్షల లోపే కాబట్టి రిబేటుతో పన్ను సున్నా. ఎల్ఎల్‌పీ మాత్రం మిగిలిన 10.2 లక్షల మీద 3,18,240 కడుతుంది. ఆ తర్వాత పంచుకునే లాభం మీద భాగస్వాములకు మళ్లీ పన్ను లేదు.

ప్రైవేట్ లిమిటెడ్. ఇద్దరూ తలా 12.75 లక్షలు జీతం తీసుకుంటే వాళ్లకు పన్ను సున్నా, కంపెనీ మిగిలిన 4.5 లక్షల మీద సుమారు 1.13 లక్షలు కడుతుంది. పన్నులో ఎల్ఎల్‌పీ కంటే ఇదే చవక. కానీ తప్పనిసరి ఆడిట్, బోర్డు మీటింగుల మినిట్స్, ఏటా వేసే ఏఓసీ-4, ఎంజీటీ-7ఏ ఫారాలు, జీతాల మీద టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) రిటర్నులు అన్నీ కలిపి ఆ తేడాలో కొంత మింగేస్తాయి.

విడివిడిగా రెండు ప్రొప్రైటర్‌షిప్‌లు. క్లయింట్ ఒప్పుకుని ఇద్దరితో విడిగా కాంట్రాక్టు చేసుకుని తలా 20 లక్షలు చెల్లిస్తే, ఒక్కొక్కరి 44ఏడీఏ ఆదాయం 10 లక్షలు, పన్ను సున్నా, క్లయింట్ పట్టుకున్న టీడీఎస్ రిఫండ్‌గా వెనక్కి. ఒకరే మొత్తం బిల్లు చేసి రెండోవాళ్లకు సగం ఇస్తే ఈ లెక్క తప్పుతుంది, బిల్లు చేసినవాళ్ల వసూళ్లు 40 లక్షలు అయి కూర్చుంటాయి.

కాబట్టి మీ ఇద్దరి పని వేరు, క్లయింట్లు వేరు, ఆఫీసు అద్దె మాత్రమే కలిసి కడుతున్నారంటే ఉమ్మడి సంస్థ అక్కర్లేదు. పేరు ఒకటి, క్లయింట్లు ఒకటి, ఒకరు పని తెస్తే ఇంకొకరు చేస్తున్నారు, రేపు మూడో మనిషిని కూడా వాటాకు తీసుకునేలా ఉన్నారంటే ఎల్ఎల్‌పీకి వెళ్లండి, ఆ మూడు లక్షలు దానికి పెట్టే ఖరీదు అనుకోండి.

1932 నాటి చట్టం కింద వచ్చే మామూలు భాగస్వామ్య సంస్థను కన్సల్టింగ్‌కు నేను సిఫార్సు చేయను. భాగస్వామి చేసిన అప్పుకూ మీ ఇల్లు పూచీ. రిజిస్టర్ చేయించకపోతే బాకీ ఎగ్గొట్టిన క్లయింట్ మీద సంస్థ పేరుతో దావా వేయడానికీ కుదరదు. 44ఏడీఏ ఉంది కదా అని వెళ్తే, సగం ఆదాయం మీద నేరుగా 31.2 శాతం పడుతుంది, భాగస్వాముల జీతం విడిగా తగ్గించుకునే వీలుండదు. పై ఉదాహరణలో అది 6.24 లక్షలు.

### అగ్రిమెంటు కాపీ పేస్టు చేయకండి

ఎల్ఎల్‌పీ రిజిస్టర్ అయిన 30 రోజుల్లో అగ్రిమెంటును ఫారం 3తో అప్‌లోడ్ చేయాలి. రిజిస్ట్రేషన్ ప్యాకేజీలు అమ్మేవాళ్లు అందరికీ ఒకే మోడల్ కాపీ ఇస్తుంటారు, ఇద్దరూ చదవకుండానే సంతకాలు పెట్టేస్తారు. ఏ విషయం మీద అగ్రిమెంటులో మాట లేదో ఆ విషయంలో చట్టం మొదటి షెడ్యూల్ వర్తిస్తుంది. దాని ప్రకారం పెట్టుబడి, లాభం, నష్టం అందరికీ సమానం, పనిచేసినందుకు ఎవరికీ జీతం లేదు. రోజుకు పన్నెండు గంటలు పనిచేసే మనిషికీ, నెలకోసారి వచ్చి కాఫీ తాగి వెళ్లే మనిషికీ ఒకే వాటా అన్నమాట. అంతేకాదు, వర్కింగ్ పార్ట్‌నర్‌కు ఎంత జీతం, ఏ లెక్కన అని అగ్రిమెంటులో లేకపోతే పైన వేసిన 19.8 లక్షల తగ్గింపు కూడా దొరకదు.

కనీసం ఇవి తెలుగులో కూర్చుని మాట్లాడుకుని, తర్వాత ఇంగ్లిషులో రాయించండి: క్లయింట్‌ను తెచ్చినవాళ్లకు ఎంత, పని చేసినవాళ్లకు ఎంత; ఒకరు మళ్లీ ఉద్యోగంలో చేరిపోతే ఏంటి; విడిపోతే పేరు ఎవరిది, పాత క్లయింట్లను ఎవరు తీసుకెళ్లొచ్చు; చెక్కు మీద ఒక సంతకమా, రెండా. స్నేహితుల మధ్య ఇవన్నీ ఎందుకు అనిపిస్తుంది కానీ, మొదటి పెద్ద పేమెంట్ వచ్చిన నెలలోనే ఈ ప్రశ్నలన్నీ వస్తాయి.

## లెక్క కోసం ఇంట్లోవాళ్ల పేరు పెట్టడం

మన దగ్గర రెండో డైరెక్టర్ అంటే సగం సార్లు భార్యో నాన్నగారో. చట్టం దీన్నేమీ కాదనదు. కానీ పన్ను తగ్గుతుందని భార్యకు కంపెనీ నుంచి జీతం ఇస్తే, ఆ పనికి తగిన చదువో వృత్తి అనుభవమో ఆమెకు లేనప్పుడు, ఆ జీతాన్ని భర్త ఆదాయంలోనే కలిపి లెక్కేస్తారు. ఎల్ఎల్‌పీలోనూ ఇదే ఇబ్బంది. ఆమె కూడా అదే రంగంలో చదువుకుని నిజంగా పనిచేస్తుంటే చింత లేదు, పైన ఇద్దరు స్నేహితులకు వేసిన లెక్కే భార్యాభర్తలకూ వర్తిస్తుంది.

అమెరికాలో ఉన్న బావమరిదిని షేర్‌హోల్డర్‌గా పెట్టడం ఇంకో అలవాటు. ఆయన అక్కడ టాక్స్ రెసిడెంట్ అయితే, మీ కంపెనీలో 10 శాతం వాటా ఉన్నా అక్కడి పన్ను శాఖకు ఫారం 5471 (విదేశీ కంపెనీలో వాటా వివరాలు తెలిపేది) వేయాల్సి రావచ్చు, వేయకపోతే పెనాల్టీ 10,000 డాలర్ల నుంచి మొదలవుతుంది. మన కంపెనీకి టర్నోవర్ కూడా లేని ఏడాదిలో ఆయనకు అంత పడితే పండక్కి ఫోన్లు కూడా ఉండవు. పేరు కోసమే రెండో మనిషి కావాలంటే రెండో మనిషి అవసరం లేని రూపమే తీసుకోండి.

ఓపీసీ అందుకే వచ్చింది. క్లయింట్ కంపెనీయే కావాలని పట్టుబట్టి, మీరు ఒక్కరే ఉంటే అది సరిపోతుంది. ఒకప్పుడు టర్నోవర్ 2 కోట్లు దాటితే ప్రైవేట్ లిమిటెడ్‌గా మారక తప్పేది కాదు, 2021 ఏప్రిల్ నుంచి ఆ నిబంధన తీసేశారు. ఆడిట్, ఫైలింగ్ తలనొప్పులు మాత్రం కంపెనీకి ఉన్నట్టే ఉంటాయి.

## ప్రైవేట్ లిమిటెడ్ ఎవరికి నిజంగా పనికొస్తుంది

పదిమందిని పెట్టుకుని, వాళ్లలో కొందరికి షేర్లు ఇవ్వాలనుకునేవాళ్లకు. సలహాలతో మొదలుపెట్టి దాన్నే సాఫ్ట్‌వేర్‌గా మార్చి ఇన్వెస్టర్ల దగ్గరికి వెళ్లాలనుకునేవాళ్లకు, ఎందుకంటే ఇన్వెస్టర్లు అడిగేది షేర్లు, ఎల్ఎల్‌పీలో షేర్లు ఉండవు. వసూళ్లు 75 లక్షలు దాటి, ఇంటి ఖర్చుకు పోగా మిగిలేది వ్యాపారంలోనే ఉంచగలిగేవాళ్లకు, అప్పుడు 25.17 శాతం రేటు లాభమే. ప్రభుత్వ టెండర్లకు వెళ్లేవాళ్లు కూడా త్వరగానే ఆలోచించాలి. టెండర్‌లో గత మూడేళ్ల టర్నోవర్ అడిగితే అది సంస్థ పేరు మీద ఉండాలి, ప్రొప్రైటర్‌గా సంపాదించిన అనుభవం కొత్త కంపెనీకి దానంతట అదే అంటుకోదు.

స్టార్టప్ ఇండియా గుర్తింపు వస్తుంది, పన్ను మినహాయింపు వస్తుంది అని చెప్పి కంపెనీ పెట్టించేవాళ్లను నమ్మకండి. దానికి కొత్తదనమున్న ఉత్పత్తో సేవో చూపించాలి, మామూలు సలహా పనికి అది దొరకడం కష్టం.

## పెట్టేటప్పుడు చేతిలో ఉండాల్సినవి

ప్రొప్రైటర్‌షిప్ అయినా కరెంట్ అకౌంట్ తెరవడానికి బ్యాంకువాళ్లు వ్యాపారం పేరు ఉన్న కాగితాలు మామూలుగా రెండు అడుగుతారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) ఒకటి. అది ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం, ఆధార్, పాన్ ఉంటే మీరే చేసుకోవచ్చు, డబ్బులు అడిగే సైట్లు ప్రభుత్వానివి కావు. రెండోది జీఎస్టీ సర్టిఫికెట్ గానీ లేబర్ లైసెన్స్ గానీ. ఉద్యమ్‌కు ఇంకో ఉపయోగం ఉంది. చిన్న సంస్థకు 45 రోజుల్లో (రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో) చెల్లించని కంపెనీకి, చెల్లించేదాకా ఆ ఖర్చును పన్నులో తగ్గించుకునే వీలుండదు, అందుకే బిల్లు మీద ఉద్యమ్ నంబర్ వేస్తే మార్చి నెలలో పేమెంట్లు చకచకా కదులుతాయి.

సేవలకు ఏడాదికి 20 లక్షల వరకు జీఎస్టీ అక్కర్లేదు. కానీ కంపెనీల క్లయింట్లు ఉంటే వాళ్లే నంబర్ అడుగుతారు. అద్దె ఇంటి నుంచి పనిచేస్తుంటే రెంటల్ అగ్రిమెంటు, కరెంటు బిల్లు, ఓనర్ గారి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే లేఖ) కావాలి. ఈ ఎన్ఓసీ అనగానే ఇల్లు కమర్షియల్ అయిపోతుందేమో, కరెంటు రేటు మారుతుందేమో అని ఓనర్లు కంగారుపడతారు, కాబట్టి జీఎస్టీ అప్లికేషన్ మొదలుపెట్టకముందే ఆయనతో మాట్లాడండి. విదేశీ క్లయింట్లే ఉంటే ఎల్‌యూటీ (జీఎస్టీ శాఖకు ఇచ్చే హామీపత్రం) వేసుకుంటే పన్ను లేకుండా బిల్లు చేయొచ్చు, దాన్ని ఏటా కొత్తగా వేయాలి.

లక్ష రూపాయల పనికి 18 శాతం జీఎస్టీతో బిల్లు 1,18,000 అవుతుంది. క్లయింట్ లక్ష మీద 10 శాతం టీడీఎస్ పట్టి మీ ఖాతాలో 1,08,000 వేస్తారు. అందులో 18,000 మీది కాదు, ప్రభుత్వానిది. చాలామంది కొత్తవాళ్లు దీన్ని కూడా ఇంటి ఈఎంఐకి కట్టేసి తర్వాతి నెల 20న తల పట్టుకుంటారు, జీఎస్టీ కోసం విడిగా ఒక ఖాతా పెట్టుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

ఎల్ఎల్‌పీకో కంపెనీకో వెళ్తే డిజిటల్ సంతకం టోకెన్ మీ దగ్గరే ఉంచుకోండి. దాన్ని ఆడిటర్ గారి డ్రాయర్‌లో వదిలేయడం మన ఆనవాయితీ, కానీ దానితో పడే ప్రతి సంతకానికీ బాధ్యత మీదే. కంపెనీ అయితే 30 రోజుల్లో ఆడిటర్‌ను నియమించాలి, 180 రోజుల్లో వ్యాపారం మొదలైందని ఐఎన్‌సీ-20ఏ వేయాలి. ఎల్ఎల్‌పీ అయితే ఏటా మే 30కి ఫారం 11 (వార్షిక రిటర్ను), అక్టోబర్ 30కి ఫారం 8 (ఖాతాల వివరాలు), ఒక్క రూపాయి లావాదేవీ జరగకపోయినా సరే.

ప్రొప్రైటర్‌షిప్ నుంచి తర్వాత మారడం పెద్ద కష్టమేమీ కాదు. అయితే పాన్ మారుతుంది కాబట్టి జీఎస్టీ నంబర్, బ్యాంకు ఖాతా, క్లయింట్ కాంట్రాక్టులు అన్నీ కొత్తగా తీసుకోవాలి, నడుస్తున్న ప్రాజెక్టుల మధ్యలో కాకుండా ఏప్రిల్ 1 నుంచి మారితే రెండు రకాల పుస్తకాలు రాసే పని తప్పుతుంది.